రబ్బరు లేని బల్ల

జంతువు పొట్ట కింద కత్తెరతో గీతగా చీల్చిందో లేదో, సారలమ్మ కళ్లు భగ్గుమన్నాయి. ముంజేత్తో తుడుచుకుంది. ఇంకా మండాయి. నీళ్లు ధారగా కారి గడ్డం మీదికి వచ్చాయి.

స్పిరిట్ అయితే ఇలా మండదు. స్పిరిట్ ముక్కుకు తియ్యగా తగులుతుంది, ఎక్కువసేపు పీలిస్తే తల దిమ్మెక్కుతుంది, అంతే. కళ్లల్లో కారం కొట్టినట్టు మండించేది, జంతువులు కుళ్లకుండా వేసే ఇంకో మందు, ఫార్మలిన్. కానీ సీసా మీద 'స్పిరిట్' అని ఆమె పరిశోధన చూసే ప్రొఫెసర్ సోమయాజులు గారు తన చేత్తో రాసి అంటించారు. ఆమె సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నిజమే, స్పిరిట్టే. మళ్లీ పళ్లెం మీదికి వంగింది. మంట జంతువు కడుపులోంచి వస్తోంది.

పళ్లెంలో ఉన్నది సముద్ర దోసకాయ. పేరు విని కూర వండుకునేది అనుకోవద్దు. సముద్రం అడుగున ఇసుక మీద పాకుతూ బతికే జంతువు. వెన్నెముక లేదు, ముఖం లేదు, ముందేదో వెనకేదో చూడగానే చెప్పలేం. ఇది అండమాన్‌లో ఒక చిన్న దీవి ఒడ్డున దొరికింది. ఈ కుటుంబంలో వందల రకాలున్నాయి, పైకి చాలా మట్టుకు ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏ జాతో తేల్చాలంటే చర్మంలో దాక్కున్న సున్నపు గుండీలను మైక్రోస్కోపులో చూడాలి. కంటికి ఆనని ఆ గుండీలకు రంధ్రాలెన్ని, అంచు నున్ననా గరుకా అన్నదాన్ని బట్టి పేరు పెడతారు.

ఈ దీవి దోసకాయకు గుండీలే లేవు. వాటి చోట అటుకుల నలుసుల్లాంటి సున్నపు ముక్కలున్నాయి. అలాంటిది లోకంలో ఇంకెక్కడా లేదు కాబట్టి ఇది కొత్త జాతి అని సోమయాజులు గారు తేల్చారు. మూడేళ్లుగా ఆ నలుసుల బొమ్మలు గీసిన పిల్ల గనక సారలమ్మ పేరుకే లాటిన్ తోక తగిలించి దానికి పెట్టారు. వ్యాసం బొంబాయిలో అచ్చుకు పోయి, ప్రూఫులు తిరిగొచ్చాయి. ఒక్క కొలత సరిచూసి శనివారం పోస్టు చెయ్యాలి. ఇన్నాళ్లూ ఆయన చేసిచ్చిన స్లైడ్లు చూసే గీసింది. ఆ కొలత కోసం ఈ సోమవారం పొద్దున మొదటిసారి తనే ఒక జంతువును కోసింది.

ఫార్మలిన్ నిలవ ఉన్న కొద్దీ పులుస్తుంది. ఆ పులుపు సున్నాన్ని తినేస్తుంది. ఈ సంగతి బి.ఎస్సీ. పిల్లలకు కూడా తెలుసు.

సారలమ్మ కత్తెర కింద పెట్టింది. ఏప్రిల్ ఎండకు గది పెనంలా కాలుతుంటే, ప్రూఫుల్లోని తన నలుసుల బొమ్మ తీసి మళ్లీ చూసింది.

"ప్రూఫులు చూశావా అమ్మాయ్?"

సోమయాజులు గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన అలవాటే అది. మనిషి ఎదుటికి రారు, వెనక నిలబడి భుజం మీదుగా చూస్తారు. ఊపిరి వినపడుతుంది. ఎంత మొనగాడి పెన్సిలైనా అప్పుడు ఒక్కసారి తడబడాల్సిందే.

"చూస్తున్న సార్."

"శనివారం పోస్టు దాటిందా, ఈ సంచిక దాటిపోయినట్టే. కళ్లేమిటి అలా ఉన్నాయి?"

"స్పిరిట్ పడ్డది సార్."

ఆయనతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఎందుకాడిందో ఆమెకే తెలియలేదు.

"జాగ్రత్త. కళ్లే మన ఆస్తి." ఆయన కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చారు. ఆ రోజు హుషారుగా ఉన్నారు. "జూన్‌లో లెక్చరర్ పోస్టు పడుతోంది. ఈ వ్యాసం అచ్చులో ఉంటే నీ పేరు నేను బల్లగుద్ది చెప్పగలను. ఇంకో మాట. జంతువుకి పెట్టిన పేరు ఒకసారి అచ్చయిందంటే ఇక చావదు. తప్పని తేలినా చావదు, అసలు పేరు కింద తప్పు పేరుగా పడి ఉంటుంది. మనం పోయినా అది ఉంటుంది."

ఆయన మెచ్చుకోలుగానే అన్నారు పాపం. సారలమ్మకు మాత్రం 'తప్పు పేరుగా పడి ఉంటుంది' అన్న ముక్క చెవిలో ఉండిపోయింది.

ఆయన వెళ్లాక ప్రూఫులు సొరుగులో పెట్టేందుకు పెన్సిళ్ల డబ్బా జరిపింది. డబ్బా అడుగున దూది కింద ఒక రబ్బరు ఉంది. తార్నాక చౌరస్తా దుకాణంలో కొన్నది, ఒక్కసారైనా వాడలేదు. ఆ గదిలో బల్ల మీద రబ్బరు కనపడకూడదు. అది సోమయాజులు గారి శాసనం. "రబ్బరు వాడేవాడు ముందు గీసి తరవాత చూస్తాడు. మనం ముందు చూసి తరవాత గీస్తాం" అంటారు. అయినా దూది కింద అదొకటి ఉంటే సారలమ్మకు ధైర్యం.

*

సాయంత్రం తార్నాకలో, రైల్వే క్వార్టర్ల వెనక, బుచ్చవ్వ బర్రెను పిండుతూ ఉపన్యాసమిస్తోంది. బుచ్చవ్వ సారలమ్మకు పెద్దమ్మ. మొగుడు పోయాక రెండు బర్రెలతో ఇల్లు నడుపుతూ, జనగామ దిక్కు నుంచి చెల్లెలి బిడ్డను తెచ్చి చదివిస్తున్న మనిషి. చెంబులు పట్టుకుని పాలకొచ్చినవాళ్లకు వారం రోజులుగా ఒకటే వార్త.

"మా సారలు పేరు సముద్రంల జీవికి వెట్టిన్రు. ఇంగ్లీషు బుక్కుల అచ్చయితున్నది!"

"పురుగుకు పేరు వెడితే గొప్పేందవ్వా?" అన్నాడు రైల్వేలో పనిచేసే వెంకటనర్సయ్య.

"నీ పేరు దోమకన్న వెట్టిన్రా?"

అందరూ నవ్వారు. వెంకటనర్సయ్య కూడా నవ్వి చెంబు ముందుకు చాపాడు. బుచ్చవ్వ అప్పుడే వస్తున్న సారలమ్మను చూసి ఇంకా గొంతు పెంచింది. "గదుగో వచ్చింది! సముద్రం మొకం సూడలే, సముద్రం గురించి మొత్తం చెప్తది!"

సారలమ్మ నవ్వలేదు. లోపలికి పోయి చాప మీద కూర్చుంది. అన్నం పెడితే కెలికింది.

"ఏమైందే? ఆ సారు తిట్టిండా?"

"లే పెద్దమ్మా. మెచ్చుకున్నడు."

"మెచ్చుకుంటె గట్ల మొకం వెట్టుకుంటరా?" బుచ్చవ్వ ఆమె కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "తిను. పేరున్నదానివి, మెత్తగుంటె ఎట్ల?"

పేరున్నదానివి! సారలమ్మ కంచం పక్కకు జరిపి నీళ్లు తాగింది.

*

మంగళవారం సోమయాజులు గారు క్లాసుకు వెళ్లేదాకా ఆగి, ఆమె గది చివరి అలమరా తెరిచింది. వెన్నెముక లేని ప్రాణులన్నీ ఆ అలమరాల్లోనే ఉన్నాయి. నక్షత్ర చేపలు, ముళ్లబంతుల్లాంటి అర్చిన్లు, స్పంజికలు, ఎండ్రకాయలు, వానపాముల చుట్టాలైన సముద్రపు పురుగులు, అన్నీ ఒక వరుసలో, ఏ కుటుంబం పక్కన ఏ కుటుంబం ఉండాలో ఆ క్రమంలో. చివరి అలమరా అట్టడుగు అరలో మాత్రం క్రమం లేదు. అక్కడ వదిలేసినవి పడి ఉన్నాయి. వాటి వెనక, దుమ్ము కొట్టుకుని, ఇన్నయ్య సీసా ఉంది.

ఇన్నయ్య పేరు ఆ గదిలో ఎవరూ గట్టిగా అనరు. సారలమ్మ చేరకముందు సోమయాజులు గారి దగ్గర పరిశోధన చేసినవాడు. ఆయనతో అండమాన్ పోయి ఈ జంతువులన్నీ తెచ్చింది అతనే. ఈ దోసకాయలోనే ఒకదాన్ని కోసి, చక్కటి గుండీలున్నాయని స్లైడు చేసి బొమ్మ గీశాడు. సోమయాజులు గారు మరి మూడు కోస్తే ఒక్కదానిలోనూ గుండీ లేదు. ఇంకేముంది! ఎక్కడిదో పాత స్లైడు తెచ్చి కొత్త కాగితం అంటించాడన్నారు. శాస్త్రంలో దొంగతనం కంటే పెద్ద నేరం లేదన్నారు. ఇన్నయ్య పరిశోధన వదిలేసి వెళ్లిపోయాడు.

అతను కోసిన జంతువు సగం ఆ సీసాలోనే ఉంది. నాలుగేళ్లలో ఒక్కరు, ఒక్కసారి, ఆ మూత తీసి ఉంటే సరిపోయేది. తియ్యలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాక నాలుగోది ఎవరు లెక్కపెడతారు?

మూత బిగుసుకుపోయింది. సారలమ్మ పైటకొంగు చుట్టి తిప్పింది. ముందు వాసన చూసింది. సీసాలో స్పిరిట్. జంతువు కడుపు దగ్గర ముక్కు పెట్టింది. అక్కడా స్పిరిట్టే. కళ్లు మండలేదు.

చర్మంలోంచి కందిబద్దంత ముక్క కత్తిరించి అద్దపు గిన్నెలో వేసి, బ్లీచింగ్ నీళ్లు నాలుగు చుక్కలు పోసింది. ముక్క చిన్నగా నురగలు కక్కి, మెత్తబడి, కరిగిపోయింది. అడుగున తెల్లటి దుమ్ము మిగిలింది. దాన్ని మంచినీళ్లతో కడిగి, తేరనిచ్చి, మళ్లీ కడిగి, చుక్కగా స్లైడు మీదికి తీసుకుంది. మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి కన్ను ఆనించింది.

గుండీలు! కుప్పలు కుప్పలు. కోలగా, నున్నటి అంచులతో, రెండు వరుసల్లో మూడేసి రంధ్రాలతో, దర్జీ కొట్టులో డబ్బా బోర్లించినట్టు.

ఇన్నయ్య దొంగ కాదు. సారలమ్మ తల ఎత్తి, అటూ ఇటూ చూసి, మళ్లీ వంగింది. గుండీలు అక్కడే ఉన్నాయి.

అంతటితో తేలిపోలేదు. ఒకే దీవిలో రెండు జాతులు ఉండవా? ఒకటి గుండీలున్నది, ఇంకోటి లేనిది? ఉండొచ్చు. ఉండాలని ఆమె కోరుకుంది. అలా అయితే ఇన్నయ్య మంచివాడూ అవుతాడు, తన పేరూ బతుకుతుంది. ఎవరి కొంపా మునగదు.

తేల్చే దారి ఒకటే. అడుగున తెల్లటి మడ్డి దిగిన పాత ఫార్మలిన్ డబ్బా ఒకటి వెతికింది. నీలి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడింది. కాసింత ఒక గాజు గొట్టంలో పోసి, ఇన్నయ్య జంతువు చర్మం ముక్కలు నాలుగైదు అందులో వేసి, కిటికీలో ఎండ్రకాయల సీసాల వెనక దాచింది.

"కరగకు తల్లీ," అంది పైకే. "నీకు దండం పెడ్త, కరగకు."

అటెండర్ బిక్షం నీళ్ల కుండ దింపుతూ విన్నాడు. "ఎవలతోని మాట్లాడుతున్నవమ్మా?"

"ఎండ్రకాయలతోని."

"మంచిగున్నది," అని వెళ్లిపోయాడు.

*

బుధవారం ఒక ముక్క తీసి చూసింది. గుండీలు ఉన్నాయి. కానీ అంచులు పలచబడ్డాయి, చప్పరించిన చక్కెర బిళ్లలా. రంధ్రాలు పెద్దవయ్యాయి. స్లైడు మీద వారం పేరు రాసి పక్కన పెట్టింది.

గురువారం రెండేసి రంధ్రాలు కలిసిపోయాయి. కొన్ని గుండీలు నడిమికి విరిగాయి. పక్కనే ప్రూఫుల్లో తను గీసిన బొమ్మ ఉంది. ఈ విరిగిన ముక్కలు ఆ బొమ్మకేసి నడుస్తున్నాయి. ఇంకెంతో దూరం లేదు. సారలమ్మకు ఏడుపొచ్చింది. కన్ను తడిస్తే మైక్రోస్కోపులో ఏమీ కనపడదు కాబట్టి ఆపుకుంది.

మధ్యాహ్నం తలనొప్పని చెప్పి, విద్యానగర్ మీదుగా అంబర్‌పేటకు రిక్షా మాట్లాడుకుంది.

ఇన్నయ్య అక్కడ ఒక బడిలో సైన్సు చెబుతున్నాడని బిక్షం చెప్పాడు. ఇల్లు చర్చి సందులో ఉంది. వాకిట్లో సైకిలు బోర్లా పెట్టి చైను ఎక్కిస్తున్నాడు. అతని తల్లి సాలమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. సారలమ్మ ఎవరి దగ్గర చదువుతోందో చెప్పేసరికి సాలమ్మ చేతులు ఆగాయి. ఇన్నయ్య చేతులు ఆగలేదు.

"సార్ పంపిండా?"

"లేదన్నా. సార్‌కు తెల్వది. ఒక్క ముచ్చట అడగనీకె వచ్చిన. దీవిల ఆ దోసకాయల్ని దేంట్ల వేసిన్రు?"

చైను పట్టు తప్పి జారింది. ఇన్నయ్య తలెత్తి మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు.

"మొదలు దొరికింది ఒక్కటే. స్పిరిట్ డ్రమ్ముల వేసినం. మిగిలినయి ఆఖరి రోజు దొరికినయి. అప్పటికి స్పిరిట్ అయిపాయె. పర్మిట్ లేకుంటె ఇంకో చుక్క ఇయ్యరు. సార్ గక్కడి దవాఖానకు పోయి ఫార్మలిన్ అడుక్కొచ్చిండు."

"బోరాక్స్ కలిపిన్రా?" ఫార్మలిన్‌లో బోరాక్స్ కలిపితే పులుపు విరిగిపోతుంది, సున్నం దక్కుతుంది.

"దొరకలే. 'సార్, పాడైతయేమో' అని నేనన్న. 'నాల్రోజుల మాటే కదయ్యా, మద్రాసులో దిగగానే స్పిరిట్‌లోకి మారుద్దాం' అన్నడు. ఆయన అన్నది తప్పేం గాదు. స్టీమరొస్తే నాల్రోజులే. తుఫాను లేచింది. స్టీమర్ రాలే. నెల దాటింది." ఇన్నయ్య బట్టతో వేళ్ల గ్రీజు తుడుచుకున్నాడు. "వచ్చినంక అన్నిట్నీ స్పిరిట్‌ల మార్చినం. పైన స్పిరిట్ అనే రాసినం."

"ఆ సంగతి అప్పుడు చెప్పలేదా అన్నా?"

"ఎవలు విన్నరు?" గొంతు లేవబోయి, తల్లిని చూసి తగ్గింది. "పదిమంది ముందట బల్ల కాడ కూసోవెట్టిండు. మూడు స్లైడ్లు వెట్టి, 'గియ్యి, ఏం కనిపిస్తే గది గియ్యి' అని ఎనక నిలబడ్డడు. నేను నలుసులే గీసిన. నలుసులే ఉన్నయి మరి. 'చూశారా, ఇప్పుడు నిజం గీశాడు' అన్నడు. నా గుండీల బొమ్మ అందరి ముందట చింపిండు. ఆయనకు తుఫాను యాదికి రాలే. నాకు నోరు రాలే. నాలుగేండ్లాయె, ఇగ పెన్సిల్ పట్టలే. బోర్డు మీద బొమ్మ గూడ పిల్లలతోనే గీపిస్త."

సాలమ్మ చింతపండు చాట పక్కకు నెట్టింది. "ఇప్పుడెందుకు బిడ్డా ఇవన్ని? పుండు మానింది."

"మానలేదవ్వా," అంది సారలమ్మ.

ఇన్నయ్య సైకిలు నిలబెట్టాడు. "ఆ జీవికి నీ పేరు వెడుతున్నడని విన్న. నిజమేనా?"

"నిజమే."

"మరి నువ్వు ఈ మాట చెప్తే నీ పేరు పోతది గద? నౌకరి గూడ పోతది."

"పోతది."

అతను పెడల్ తిప్పి చైను చూసుకున్నాడు. చివరికి, "చెప్తవా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో నాలుగేళ్ల కోపమంతా ఉంది, ఆశ కూడా ఉంది. సారలమ్మ కొంగు సర్దుకుంది. వస్తానని చెప్పి లేచింది.

*

శుక్రవారం గాజు గొట్టంలో ఆఖరి ముక్క తీసింది. నురగ, మడ్డి, కడుగుడు, చుక్క. కన్ను ఆనించింది. అటుకుల నలుసులు. గుండీ అన్నది ఒక్కటి లేదు. ప్రూఫులోని తన బొమ్మను పక్కన పెట్టి చూస్తే గీతకు గీత సరిపోయింది. ఆమె పేరు పెట్టుకున్న జాతి వారం తిరక్కుండా పాత ఫార్మలిన్‌లో పుట్టుకొచ్చింది.

ఈ నిజం మింగితే ఒక మనిషి బతుకు దొంగ ముద్రతోనే పోతుంది. కక్కితే తన బతుకు ఏమవుతుందో తెలియదు. ఆమె లేచి పక్క గది తలుపు దగ్గరికి నడిచింది. 

"సార్, ఒక స్లైడు చూడాలె మీరు."

సోమయాజులు గారు వచ్చి కూర్చున్నారు. చూశారు. "మన జాతే. నలుసులు స్పష్టంగా ఉన్నాయి. దీనికోసమా పిలిచావు?"

"అది మన సీసాలది కాదు సార్. ఇన్నయ్యన్న సీసాలది."

ఆయన కన్ను తియ్యలేదు. వీపు మాత్రం బిగుసుకుంది. "అందులో గుండీలున్నాయని కదా వాడన్నది?"

"ఉండె సార్. మంగళవారం దాక ఉండె."

ఆమె నాలుగు స్లైడ్లూ వరసగా ఆయన ముందు పెట్టింది. ఆయన మంగళవారం చూశారు, బుధవారం చూశారు. గురువారం దగ్గర చాలాసేపు ఆగారు. తల ఎత్తేసరికి ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవరు చెయ్యమన్నారు నిన్నీ పని? వాడు నేర్పాడా? వాడి దగ్గరికి వెళ్లావు కదూ?"

"పోయిన సార్. నిన్న పోయిన. దీవిల స్పిరిట్ అయిపోతే మీరు దవాఖానల ఫార్మలిన్ తెచ్చిన్రట. స్టీమర్ నెల దాక రాలేదట."

"అయితే? అయితే ఏమిటంటావు?" బల్ల మీద గట్టిగా కొట్టారు. స్లైడ్లు ఎగిరిపడ్డాయి. "ముప్పై ఏళ్లు ఈ కళ్లతో చూశాను! నాకు నువ్వా చెప్పేది? రెండు జాతులు ఉండకూడదా ఒక దీవిలో?"

"ఉండొచ్చు సార్. నేను గూడ గదే మొక్కుకున్న." ఎగిరిన స్లైడ్లను ఆమె మళ్లీ వరసలో పెట్టింది. మాట ఆపలేదు. "ఒక్కదాన్ని కోసి వాసన చూడుండ్రి సార్. సోమవారం నా కళ్లు మండింది స్పిరిట్‌కు కాదు. మీతోని అబద్ధం చెప్పిన."

"నీ పేరు పోతుంది. తెలుసా? జూన్ పోస్టు గురించి ఇక నన్నడగకు. తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు సార్. ముందు చూసి తరువాత గియ్యమని మీరే చెప్పిన్రు. నేను గీసి మూడేండ్లయినంక చూసిన. గది నా తప్పు."

సోమయాజులు గారు వేలితో తలుపు చూపించారు. 

ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పేసింది. బుచ్చవ్వ పాలచెంబు కింద పెట్టి నోరు తెరిచింది. "అయ్యో నా రాతా! తార్నాకంత చెప్పుకున్న గదనే! ఆ వెంకటనర్సయ్య మొకం ఎట్ల సూడాలె నేను?" కాసేపు తిట్టింది. సారును తిట్టింది, సముద్రాన్ని తిట్టింది, దోసకాయను మరీ తిట్టింది. సారలమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తూ ఉంటే చివరికి దగ్గర కూర్చుని, "ఊకో. పోయింది పేరే గద, ప్రాణం గాదు," అంది. కానీ ఆమెకూ బాధగానే ఉంది, దాచుకోలేదు.

*

శనివారం పొద్దున సారలమ్మ తన పెట్టె సర్దుకుందామనే వెళ్లింది. పెన్సిళ్ల డబ్బా, దువ్వెన, టిఫిను గిన్నె, అంతే ఉంది ఆమె ఆస్తి.

గది తలుపు తీసి ఉంది. లోపల అడుగు పెట్టగానే కళ్లు భగ్గుమన్నాయి. బల్ల నిండా పళ్లేలు. ప్రతి పళ్లెంలో పొట్ట చీల్చిన దోసకాయ. దీవి నుంచి వచ్చినవి మొత్తం. వాటి మధ్య సోమయాజులు గారు కూర్చుని ఉన్నారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కారుతున్న నీళ్లను తుడుచుకోవడం కూడా మానేశారు.

"అన్నీ కోశాను," అన్నారు. "అన్నిట్లోనూ ఉంది."

సారలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాల్రోజుల మాటే కదయ్యా అన్నాను. నేనే అన్నాను. నిన్న సాయంత్రం గుర్తొచ్చింది ఆ మాట, వాడి ముఖంతో సహా." ఆయన ప్రూఫులు ఆమె వైపు జరిపారు. వ్యాసం పేరు మీద అడ్డంగా ఎర్ర సిరా గీత ఉంది. గీత కింద ఆమె పేరు ఇంకా కనపడుతోంది. సారలమ్మ దాన్ని ఒకసారి చదువుకుని కాగితం తిప్పేసింది.

"దీని బదులు చిన్న వ్యాసం పంపుతాను. ఇది పాత జాతే, ఫార్మలిన్ గుండీలను ఎలా తినేసిందో చూడండి అని. నలుసుల బొమ్మ నీది ఉంది. చెడని గుండీ బొమ్మ కావాలి. ఉన్న ఒక్కదాన్నీ నేనే చింపాను." ఆయన లేచి మైక్రోస్కోపును దాని చెక్కపెట్టెలో పెట్టి గొళ్లెం వేశారు. "వాడి ఇల్లు నీకు తెలుసు కదూ?"

రిక్షాలో దారంతా ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. విద్యానగర్ దాటారు. తరువాత, "కూర్చోమంటాడా?" అని అడిగారు. సారలమ్మ రిక్షావాడికి దారి చెప్పింది.

ఇన్నయ్య వాకిట్లోనే ఉన్నాడు. ఆయనను చూసి లేచి నిలబడ్డాడు. నమస్తే పెట్టలేదు. సాలమ్మ లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసి, కొడుకు ముఖం చూసి, తలుపు పక్కకు తప్పుకుంది.

సోమయాజులు గారు కూర్చోలేదు. "నీ స్లైడు నిజమైందే ఇన్నయ్యా," అన్నారు. "నువ్వు చూసింది గీశావు. నేనే చూడలేదు. ఈ మాట డిపార్టుమెంటులో ఆ పదిమంది ముందూ చెబుతాను. అచ్చులోనూ రాస్తాను." ఊపిరి పీల్చుకున్నారు. "బొమ్మ మళ్లీ నువ్వే గియ్యాలి. నీ పేరుతోనే వేస్తాను."

ఇన్నయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. 

"నేను గియ్య సార్," అన్నాడు. "మీరు గియ్యుండ్రి. నేను ఎనక నిలబడి చూస్త."

సారలమ్మ పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఇప్పుడు ఈయన పెట్టె ఎత్తుకుని వెళ్లిపోతారు, అంతే, అనుకుంది. సోమయాజులు గారు ఇన్నయ్యను చూశారు. తరువాత ఒంగి పెట్టె గొళ్లెం తీశారు.

ఇన్నయ్యే లోపలి నుంచి ట్రంకు పెట్టె లాక్కొచ్చి కుర్చీ ముందు వేశాడు. సోమయాజులు గారు దాని మీద మైక్రోస్కోపు నిలబెట్టి, అద్దాన్ని ఎండ వైపు తిప్పి, మంగళవారం స్లైడు పెట్టారు. సారలమ్మ కాగితం, పెన్సిలు ఇచ్చింది. ఆయన ఎడమ కన్ను గొట్టానికి ఆనించి, కుడి కన్నుతో కాగితం చూస్తూ గీయడం మొదలుపెట్టారు. ఇన్నయ్య వెనక్కి వెళ్లి, భుజం మీదుగా వంగి నిలబడ్డాడు. అతని ఊపిరి సారలమ్మకే వినపడుతోంది, ఆయనకు వినపడదా?

గుండీ అంచు వచ్చింది. ఒక రంధ్రం, రెండోది, మూడోది. రెండో వరుస మొదలైంది. ఇన్నయ్య ఇంకాస్త వంగాడు. ఇంకో రంధ్రం గీశారు.

"సార్," అన్నాడు ఇన్నయ్య మెల్లగా. "ఆ రంధ్రం అంత పెద్దగ లేదు."

పెన్సిలు ఆగింది. సోమయాజులు గారు మళ్లీ గొట్టంలోకి చూశారు. చాలాసేపు చూశారు. కాగితం చూశారు. మళ్లీ గొట్టంలోకి చూశారు.

"లేదు," అన్నారు.

తల తిప్పకుండానే సారలమ్మ వైపు చెయ్యి చాపారు. "అమ్మాయ్, నీ దగ్గర రబ్బరుందా?"

సారలమ్మ డబ్బా తెరిచి, దూది తీసి, అడుగున ఉన్న కొత్త రబ్బరు ఆయన చేతిలో పెట్టింది.